దీర్ఘ ఉపవాసంలో శరీరానికి ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్ని రోజులు దాటితే దాన్ని దీర్ఘ ఉపవాసం అనాలి?

అందరూ ఒప్పుకున్న గీత అంటూ ఏదీ లేదు. ఈ పేజీలో మాత్రం నీళ్లు తాగుతూ, శక్తినిచ్చే ఆహారం ఏదీ ముట్టకుండా వరుసగా మూడు నాలుగు రోజులకు మించి ఉండటాన్ని ఆ పేరుతో పిలుస్తున్నాం. ఒక పూట మానేయడం, రోజులో పదహారు గంటలు తినకుండా గడపడం వేరే సంగతి. వాటి గురించి చెప్పే లాభనష్టాలు దీనికి వర్తించవు. వైద్యుల దృష్టిలో ఐదో రోజుకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. అప్పటి నుంచి ఉపవాసం విడిచే పద్ధతి కూడా ప్రమాదకరం కావచ్చు. ఆ విషయం చివర్లో వివరంగా ఉంది. ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదివే తీరిక ఉంటే దాన్నే చదవండి.

తిండి ఆపిన మొదటి రోజు ఏం జరుగుతుంది?

పెద్దవారి ఒంట్లో ఉన్న రక్తమంతటిలో ఏ క్షణాన చూసినా ఉండే గ్లూకోజు నాలుగైదు గ్రాములే, అంటే ఒక చిన్న చెంచాడు. మెదడు ఒక్కటే రోజుకు 100 నుంచి 120 గ్రాములు ఖర్చు పెడుతుంది. ఈ రెండు అంకెల మధ్య తేడాను మొదట పూడ్చేది కాలేయం. అక్కడ గ్లైకోజెన్ రూపంలో సుమారు 100 గ్రాముల నిల్వ ఉంటుంది. ఇన్సులిన్ తగ్గి, దానికి వ్యతిరేకంగా పనిచేసే గ్లూకగాన్ అనే హార్మోను పెరగగానే ఆ నిల్వ కరిగి గ్లూకోజుగా రక్తంలోకి వస్తుంది. ఒక పగలూ ఒక రాత్రీ గడిచేసరికి అది దాదాపు అయిపోతుంది.

కండరాల్లో ఇంతకు మూడు నాలుగు రెట్లు గ్లైకోజెన్ ఉంటుంది కానీ, దాన్ని గ్లూకోజుగా మార్చి బయటికి పంపడానికి కావలసిన ఎంజైము కండరానికి లేదు. కండరం తన నిల్వను తానే వాడుకోవాలి తప్ప మెదడుకు అప్పివ్వలేదు.

ఒంట్లో అంత కొవ్వు ఉండగా కండ ఎందుకు కరగాలి?

దీర్ఘ ఉపవాసాన్ని అర్థం చేసుకోవడానికి ఇదే కీలకమైన ప్రశ్న. కొవ్వు నుంచి శక్తి వస్తుంది కానీ, గ్లూకోజు దాదాపు రాదు. కొవ్వు అణువు విడిపోయినప్పుడు వచ్చే గ్లిసరాల్ అనే చిన్న భాగం మాత్రమే గ్లూకోజుగా మారుతుంది. మిగిలిన కొవ్వు ఆమ్లాలు గుండెకూ కండరాలకూ చక్కని ఇంధనమే అయినా, మెదడు వాటిని నేరుగా వాడుకోలేదు. ఎర్ర రక్తకణాలకు గ్లూకోజు తప్ప మరో ఇంధనం లేనేలేదు. కాలేయంలోని నిల్వ అయిపోయాక ఆ గ్లూకోజును దేనితోనో తయారు చేయాలి. అందుకు దొరికే ముడిసరుకులో ప్రధానమైనవి అమైనో ఆమ్లాలు, అంటే కండరాల్లోని మాంసకృత్తులు విడిపోతే వచ్చేవి.

అందుకే మొదటి రోజుల్లో నష్టం ఎక్కువగా ఉంటుంది. మూత్రంలో పోయే నత్రజనిని కొలిస్తే ఎంత మాంసకృత్తి ఖర్చయిందో లెక్క కట్టవచ్చు. తొలి వారంలో ఆ నత్రజని రోజుకు 10 నుంచి 12 గ్రాముల దాకా ఉంటుంది. అంటే సుమారు 70 గ్రాముల మాంసకృత్తి. కండరంలో మాంసకృత్తి ఐదో వంతే, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరు. కాబట్టి కండగా చూస్తే రోజుకు మూడు వందల గ్రాములకు పైనే. ఈ వేగం ఆగకుండా సాగితే మనిషి మూడు నాలుగు వారాలు కూడా నిలవడు.

అలా జరగకుండా కాపాడేది కాలేయం తయారుచేసే కీటోన్లు. కొవ్వు ఆమ్లాల నుంచి పుట్టే ఈ చిన్న అణువులను మెదడు వాడుకోగలదు. 1960లలో అమెరికా వైద్య శాస్త్రజ్ఞుడు జార్జ్ కేహిల్ బృందం, ఐదారు వారాలు ఉపవాసం ఉన్న స్థూలకాయుల మెదడులోకి వెళ్లే రక్తాన్నీ, మెదడు నుంచి వచ్చే రక్తాన్నీ పరీక్షించి, అప్పటికి మెదడు తన శక్తిలో అధిక భాగాన్ని కీటోన్ల నుంచే పొందుతున్నదని 1967లో చూపించింది. మెదడుకు కావలసిన గ్లూకోజు ఎంత తగ్గితే కండరం మీద భారం అంత తగ్గుతుంది. నాలుగైదు వారాలకు మూత్రంలో నత్రజని రోజుకు మూడు నాలుగు గ్రాములకు పడిపోవడానికి కారణం ఇదే.

కాబట్టి ఉపవాసంలో శరీరం కొవ్వును పొదుపు చేస్తున్నదనుకోవడం పొరపాటు. కొవ్వు ఉన్నదే ఖర్చు పెట్టడానికి. శరీరం పొదుపు చేసేది మాంసకృత్తులను. వాటికి అదనపు గిడ్డంగి అంటూ లేదు. ప్రతి మాంసకృత్తీ ఏదో ఒక పనిలో ఉంటుంది, గుండె గోడలోనో, ఊపిరి లాగే కండరంలోనో, రోగనిరోధక కణంలోనో.

కీటోన్లు పెరిగితే ప్రమాదమని మధుమేహులకు చెబుతారు కదా?

రెండూ ఒకటి కావు. ఉపవాసంలో కీటోన్లు లీటరుకు 5 నుంచి 7 మిల్లీమోల్స్ దాకా పెరిగి దాదాపు అక్కడే నిలుస్తాయి. కొద్దిపాటి ఇన్సులిన్ ఇంకా ఊరుతూ ఉండటం వల్ల కొవ్వు కరగడం అదుపు తప్పదు. ఇన్సులిన్ పూర్తిగా కరువైన మధుమేహిలో ఆ కళ్లెం ఉండదు. కీటోన్లు పెరుగుతూ పోయి రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికి వస్తుంది. ఉపవాసం ఉన్నవారి ఊపిరిలో పండిన పండు వాసనో, గోళ్ల రంగు తుడిచే ద్రావకం వాసనో రావడానికి కారణం అసిటోన్. పళ్లు తోముకున్నా అది పోదు, ఎందుకంటే అది వచ్చేది నోటి నుంచి కాదు, ఊపిరితిత్తుల నుంచి.

అయితే గర్భిణుల విషయం వేరు. వారిలో కీటోన్లు చాలా త్వరగా, ఒక్క రాత్రి తినకపోయినా పెరుగుతాయి. ఎస్‌జీఎల్‌టీ2 రకం మధుమేహ మాత్రలు వాడేవారిలో రక్తంలో చక్కెర మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లంగా మారవచ్చు. గ్లూకోమీటరు అంకె చూసి ధైర్యపడటం అక్కడ పనికిరాదు.

మూడో రోజు నుంచి ఆకలి వేయదంటారు. నిజమేనా?

చాలామంది విషయంలో నిజమే. ఆకలి గంటగంటకూ పెరుగుతూ పోయేది కాదు, అలలుగా వచ్చిపోయేది. అలవాటైన భోజన వేళకు అల లేస్తుంది, తినకపోయినా కొంతసేపటికి అదే తగ్గుతుంది. రెండో రోజు, మూడో రోజు గట్టిగా ఉండి, ఆ తర్వాత అలలు చిన్నవవుతాయి. ఆకలి లేకపోవడం శరీరానికి తిండి అవసరం లేదనడానికి గుర్తు కాదు. ఆ తేలికదనాన్ని చూసి ఉపవాసాన్ని పొడిగించినవారే చాలాసార్లు చిక్కుల్లో పడతారు.

మొదటి వారంలో నాలుగైదు కిలోలు తగ్గాను. అదంతా కొవ్వేనా?

కాదు. ఎక్కువ భాగం నీరు. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు నిల్వ ఉంటుంది, గ్లైకోజెన్ పోతే అదీ పోతుంది. పైగా ఇన్సులిన్ తగ్గగానే మూత్రపిండాలు సోడియంను వదిలేస్తాయి, దాని వెంట మరికొంత నీరు వెళ్తుంది. మొదటి రోజుల్లో రోజుకు ఒక కిలో, ఒక్కోసారి అంతకు మించి తగ్గేది ఇందువల్లనే. మూడో వారానికి అది రోజుకు 300 గ్రాముల దగ్గర స్థిరపడుతుంది. తిరిగి తినగానే మొదట వెనక్కి వచ్చేది కూడా ఆ నీరే కాబట్టి, రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగామని బెంగపడవలసిన పని లేదు, మొదట తగ్గిన నాలుగు కిలోలను చూసి మురిసిపోవలసిన పనీ లేదు.

1912లో బోస్టన్‌లోని ఒక పోషకాహార పరిశోధనశాలలో ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ పర్యవేక్షణలో ఒక వ్యక్తి 31 రోజులు నీటి మీదే ఉన్నాడు. ఆయన సుమారు 13 కిలోలు, అంటే తన బరువులో ఐదో వంతుకు కాస్త ఎక్కువ కోల్పోయాడు. నెల రోజుల నిరాహారానికి సన్నని మనిషి చెల్లించే మూల్యం ఆ మాత్రం ఉంటుంది.

లేచి నిలబడితే కళ్ల ముందు చీకటి కమ్ముతోంది. ఎందుకు?

పోయిన సోడియం, నీరు రక్తపు పరిమాణాన్ని తగ్గిస్తాయి. అదే సమయంలో నాడి నెమ్మదిస్తుంది, రక్తపోటు తగ్గుతుంది. పడుకుని ఉన్నంతసేపు ఏ ఇబ్బందీ తెలియదు. మంచం దిగి రెండడుగులు వేసేసరికి చెవుల్లో హోరు, కళ్లకు చుట్టూ నుంచి ముసురుకొచ్చే నలుపు, చేతికి ఆసరా కోసం గోడను వెతుక్కోవడం. ఆ క్షణంలో మెదడుకు రక్తం చాలడం లేదన్నమాట. వెంటనే కూర్చోవాలి, లేదా పడుకోవాలి. దీర్ఘ ఉపవాసంలో ఉన్నవారు స్నానాల గదిలోనో, తెల్లవారుజామున లేచినప్పుడో పడి దెబ్బలు తగిలించుకోవచ్చు. ముందు కూర్చుని, ఒక నిమిషం ఆగి, అప్పుడు లేవడం అన్నది చిన్న సలహాలా కనిపించినా అసలైన సలహా.

చలి వేయడం కూడా ఈ కోవలోదే. థైరాయిడ్ హార్మోన్లలో చురుకైన టీ3 తగ్గి శరీరం తన ఖర్చును కుదించుకుంటుంది. మిగతావారికి ఉక్కగా ఉన్న గదిలో వీరు దుప్పటి కప్పుకుంటారు.

గుండెకు ఏమైనా అవుతుందా?

అవుతుంది. గుండె కూడా కండరమే. కొవ్వు ఆమ్లాలతోనూ కీటోన్లతోనూ హాయిగా నడిచే అవయవమైనా, మాంసకృత్తుల నష్టంలో దానికి మినహాయింపు లేదు. వారాలు గడిచేకొద్దీ గోడలు పలచబడతాయి. పొటాషియం, మెగ్నీషియం తరిగిపోవడంతో గుండె లయ తప్పే అవకాశం పెరుగుతుంది. ఈసీజీలో క్యూటీ అనే విరామం సాగడం దానికి ముందస్తు హెచ్చరిక. 1970ల చివర్లో అమెరికాలో నాసిరకం ద్రవ మాంసకృత్తుల ఆహారం మీదే నెలల తరబడి ఉండి బరువు తగ్గినవారిలో పలువురు ఉన్నట్టుండి గుండె లయ తప్పి చనిపోయారు. వారేమీ పూర్తి ఉపవాసంలో లేరు.

రక్త పరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయి. ఇక నిశ్చింతగా ఉండవచ్చా?

ఉండకూడదు. పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం ప్రధానంగా కణాల లోపల ఉంటాయి. పరీక్షలో కొలిచేది కణాల బయట, రక్తంలో ఉన్న కొద్దిపాటి అంశాన్ని. కణాలు కుంచించుకుపోతూ తమ నిల్వను బయటికి వదులుతుంటే, లోపల ఖాళీ అవుతున్నా బయట అంకె నిలకడగా కనిపిస్తుంది. రక్తంలో ఉండే అల్బుమిన్ అనే మాంసకృత్తి సంగతీ అంతే. నెల రోజులు తినని మనిషిలోనూ అది చాలాకాలం మామూలుగానే ఉండవచ్చు. ఇంటి గుమ్మంలో దీపం వెలుగుతున్నంత మాత్రాన గాదెలో గింజలున్నట్టు కాదు.

మనసు మీద, మెదడు మీద ప్రభావం ఎలా ఉంటుంది?

తొలి వారంలో కొందరు బుద్ధి చురుగ్గా ఉందంటారు, నిద్ర తక్కువైనా ఉత్సాహంగా ఉందంటారు. ఒత్తిడి హార్మోన్లు ఎక్కువగా ఉండటం దీనికి కొంత కారణం. తర్వాతి దశ అంత ఆకర్షణీయంగా ఉండదు.

ఆహార లోపం మనసును ఏం చేస్తుందో తెలిపిన గట్టి ఆధారం 1944, 1945లలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ నడిపిన ప్రయోగం. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు, యుద్ధంలో ఆయుధం పట్టడానికి నిరాకరించినవారు, ఆరు నెలల పాటు రోజుకు సుమారు 1,570 కిలోక్యాలరీలతో గడిపారు. అది ఉపవాసం కాదు, అర్ధాకలి. అయినా వారి బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. వారి లోకమంతా తిండి చుట్టూ తిరగడం మొదలైంది. పళ్లెం నాకేవారు, ఒక్కో భోజనాన్నీ గంటల తరబడి సాగదీసేవారు, ఎన్నడూ వంట చేయనివారు వంటల పుస్తకాలు పోగుచేసుకునేవారు. చిరాకు, దిగులు, మనుషులకు దూరంగా ఉండటం, లైంగిక కోరిక లేకపోవడం అందరిలోనూ ఏదో ఒక మేరకు కనిపించాయి. కడుపు నిండా తినడానికి అనుమతించాక కూడా కొందరిలో తీరని ఆకలి నెలల పాటు ఉండిపోయింది. మనోబలం లేనివారికే ఇలా జరుగుతుందని ఎవరైనా అంటే, నమ్మిన సిద్ధాంతం కోసం స్వచ్ఛందంగా వచ్చిన ఆ 36 మందిని గుర్తు చేయాలి.

మెదడుకు శాశ్వత హాని కలిగించేది విటమిన్ బి1 లోపం, అంటే థయామిన్ కొరత. శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. వస్తువులు రెండుగా కనిపించడం, కనుగుడ్లు అదురుతూ ఉండటం, నడక తూలడం, తికమక పడటం వెర్నికే వ్యాధి లక్షణాలు. సకాలంలో సూది మందుగా థయామిన్ ఇవ్వకపోతే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు. ఉపవాసి తూలుతుంటే నీరసమని సరిపెట్టుకోవడమే ఇందులో జరిగే అతి పెద్ద పొరపాటు.

మిగతా అవయవాల మాటేమిటి?

మూత్రపిండాల్లో కీటోన్లు, యూరిక్ యాసిడ్ ఒకే దారిన బయటికి పోవాలి. కీటోన్లు ఆ దారిని ఆక్రమించడంతో యూరిక్ యాసిడ్ రక్తంలో పేరుకుంటుంది. యూరిక్ యాసిడ్ వల్ల కీళ్లు వాచే గౌట్ వ్యాధి ఉన్నవారికి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా భరించలేని నొప్పి వస్తుంది. పిత్తాశయం ఆహారం వస్తేనే ముడుచుకుంటుంది. వారాల తరబడి ముడుచుకోకపోతే పైత్యరసం నిలిచి చిక్కబడి రాళ్లవుతాయి. పేగు లోపలి పొర పలచబడుతుంది, మలవిసర్జన చాలా అరుదవుతుంది. స్త్రీలలో నెలసరి ఆగిపోవచ్చు. రోగనిరోధక శక్తి తగ్గడం వల్ల చివరి దశలో న్యుమోనియా రావడం మామూలే, పైగా జ్వరం రాకుండానే రావచ్చు.

మనిషి ఎన్ని రోజులు బతకగలడు?

నీరు తాగుతున్నంతవరకు, ఒంట్లో ఎంత కొవ్వు ఉన్నదన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 70 కిలోల మనిషికి 12 కిలోల కొవ్వు ఉందనుకుంటే అది లక్షకు పైగా కిలోక్యాలరీలు. ఉపవాసంలో రోజు ఖర్చు 1,500 దగ్గర ఉంటుంది కాబట్టి లెక్క 70 రోజుల చిల్లరకు వస్తుంది. ఈ కాగితం లెక్క వాస్తవానికి దూరంగా ఏమీ లేదు. 1981లో ఉత్తర ఐర్లండ్ జైలులో నిరాహార దీక్షలో పదిమంది మరణించారు, 46వ రోజుకూ 73వ రోజుకూ మధ్య. వారిలో మొదటివాడైన బాబీ శాండ్స్ 66వ రోజున చనిపోయాడు. కొవ్వు అయిపోతే కీటోన్లు తగ్గుతాయి, కండరం మీద దాడి మళ్లీ వేగం పుంజుకుంటుంది, ఆ తర్వాత వ్యవధి రోజుల్లోనే ఉంటుంది.

దీనికి అవతలి కొసన స్కాట్లాండ్‌కు చెందిన ఆంగస్ బార్బియెరీ ఉన్నాడు. 27 ఏళ్ల వయసులో, 207 కిలోల బరువుతో, 1965లో డండీ నగరపు వైద్యుల పర్యవేక్షణలో మొదలుపెట్టి 382 రోజులు ఉపవాసం ఉన్నాడు. ముగించేనాటికి 82 కిలోలు. ఆయన రక్తంలో గ్లూకోజు చాలాకాలం 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల దగ్గరే ఉన్నా మామూలుగా తిరిగాడు, ఎందుకంటే మెదడు కీటోన్ల మీద నడుస్తోంది. చివరి నెలల్లో ఆయన మలవిసర్జనకు వెళ్లింది ఐదారు వారాలకోసారి. ఈ ఉదంతాన్ని ప్రచారం చేసేవారు ఆయనకు విటమిన్లు, ఈస్టు ఇచ్చారన్నదీ, అవసరాన్ని బట్టి పొటాషియం, సోడియం ఇచ్చారన్నదీ, తరచూ రక్తమూత్ర పరీక్షలు చేశారన్నదీ సాధారణంగా వదిలేస్తారు. ఆ రోజుల్లో ఇదే పద్ధతిలో చికిత్స పొందిన స్థూలకాయుల్లో మరణాలు సంభవించడంతోనే వైద్యులు దాన్ని విడిచిపెట్టారు.

నీరు కూడా మానేస్తే?

లెక్క వారాల నుంచి రోజులకు పడిపోతుంది. కొవ్వు కరిగితే కొంత నీరు పుడుతుంది గానీ, ఊపిరిలోనూ చెమటలోనూ మూత్రంలోనూ పోయేదానికి అది చాలదు. వేడిలో ఉంటే ఇంకా త్వరగా ముంచుకొస్తుంది.

ఉపవాసంతో విషాలు పోతాయనీ, ఆటోఫజీ వల్ల కణాలు కొత్తవవుతాయనీ అంటారు. ఎంత నిజం?

కణం తనలోని పాడైన భాగాలను తానే విడగొట్టి వాడుకునే ప్రక్రియ ఆటోఫజీ. అది ఎలా నడుస్తుందో ఈస్టు కణాల్లో కనుగొన్నందుకు జపాన్ శాస్త్రజ్ఞుడు యోషినోరి ఓసుమికి 2016లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. తిండి లేనప్పుడు అది పెరుగుతుందన్నది జంతువుల్లో బాగా రుజువైంది. సరిగ్గా 72వ గంటకు మనిషిలో అది శిఖరానికి చేరుతుందని చెప్పే అంకెలకు మాత్రం ఆధారం లేదు. బతికున్న మనిషి అవయవాల్లో దాన్ని తేలికగా కొలిచే సాధనమే లేదు.

విషాల మాటకు వస్తే, వాటిని తొలగించే పని కాలేయం, మూత్రపిండాలు తిన్న రోజూ తినని రోజూ చేస్తూనే ఉంటాయి. పైగా కొన్ని పురుగుమందుల అవశేషాలు కొవ్వులో దాగి ఉంటాయి. కొవ్వు వేగంగా కరిగినప్పుడు అవి రక్తంలోకి వస్తాయి. ఒంటిని శుభ్రం చేస్తుందన్న వాదనకు ఇది ఎదురు నడిచే వాస్తవం.

ఎవరు దీని జోలికి పోకూడదు?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, ఎదిగే వయసువారు, ఇన్సులిన్ లేదా చక్కెరను తగ్గించే మాత్రలు వాడే మధుమేహులు, ఇప్పటికే సన్నగా ఉన్నవారు, గుండె లయ సమస్యలున్నవారు, గౌట్, మూత్రపిండ వ్యాధి ఉన్నవారు, మద్యం అలవాటు ఎక్కువగా ఉన్నవారు. తిండి విషయంలో మానసిక రుగ్మత గతంలో ఉన్నవారికి ఉపవాసం ఆ రుగ్మతకే మర్యాదస్తుల ముసుగు తొడిగినట్టవుతుంది. రక్తపోటు మందులు, మూత్రం ఎక్కువగా పోయే మందులు వాడేవారు మోతాదు మార్చకుండా ఉపవాసం మొదలుపెడితే మూడో రోజుకే సొమ్మసిల్లవచ్చు.

ఉపవాసం విడవడంలో ప్రమాదం ఏముంటుంది? తినడమే కదా?

ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పుడు నిర్బంధ శిబిరాల నుంచి బయటపడిన బక్కచిక్కిన ఖైదీల్లో కొందరు ఆకలితో కాక, కడుపునిండా తిన్న తర్వాత చనిపోయారు. దీనికి రీఫీడింగ్ సిండ్రోమ్ అని పేరు.

వారాల పాటు కొవ్వు మీద నడిచిన శరీరంలోకి పిండిపదార్థం రాగానే ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగుస్తుంది. గ్లూకోజును లోపలికి లాక్కునే కణాలు దానితో పాటు ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియంలను కూడా లాక్కుంటాయి. నిల్వలు అప్పటికే ఖాళీ కాబట్టి రక్తంలో అవి గంటల్లో కుప్పకూలుతాయి. నిన్నటి దాకా మామూలుగా కనిపించిన పరీక్షల అసలు రంగు అప్పుడు బయటపడుతుంది. ఫాస్ఫేట్ లేకుండా కణం శక్తిని తయారు చేసుకోలేదు. ఊపిరి కండరాలు బలహీనపడతాయి, గుండె లయ తప్పుతుంది. మిగిలిన కాస్త థయామిన్‌ను గ్లూకోజు వాడకమే తినేస్తుంది, వెర్నికే వ్యాధి ఒక్కసారిగా బయటపడవచ్చు. ఇదంతా తినడం మొదలుపెట్టిన మొదటి మూడు నాలుగు రోజుల్లో, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకున్న వేళలో జరుగుతుంది.

బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2006 నాటి సూచనల ప్రకారం ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినని వ్యక్తికి మొదటి రెండు రోజులు అవసరంలో సగానికి మించి ఇవ్వకూడదు. పది రోజులు దాటితే కిలో బరువుకు రోజుకు గరిష్ఠంగా 10 కిలోక్యాలరీలతో, పదిహేను రోజులు దాటితే 5తో మొదలుపెట్టి క్రమంగా పెంచాలి. 60 కిలోల మనిషికి ఇవి 600, 300 మాత్రమే. ఆత్మీయులకు అది క్రూరత్వంలా కనిపిస్తుంది, కానీ ఆ వేళ ప్రేమతో వడ్డించిన రెండో వడ్డన కంటే అదే మేలు. థయామిన్ తిండికి ముందే ఇవ్వాలి, తర్వాత కాదు. ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియంలను రోజూ పరీక్షిస్తూ భర్తీ చేయాలి. కాబట్టి పది రోజులు దాటిన ఉపవాసాన్ని ఇంట్లో విడవడం తగదు, ఆస్పత్రిలోనే విడవాలి.

తినడం మొదలుపెట్టిన మూడో రోజు పాదాలు వాచాయి. భయపడాలా?

ఇన్సులిన్ తిరిగి రాగానే మూత్రపిండాలు సోడియంను పట్టి ఉంచుతాయి, దానితో నీరు నిలుస్తుంది. చీలమండ మీద వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. మిగతా అంతా బాగుంటే, వైద్యుడికి తెలియజేసి, ఉప్పు తగ్గించి, కాళ్లు ఎత్తులో పెట్టుకుంటే ఒకటి రెండు వారాల్లో తీస్తుంది. వాపుతో పాటు ఆయాసం, గుండె దడ, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కడం, తికమక, రెండుగా కనిపించడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి, ఎన్ని రోజులు ఉపవాసం ఉన్నారో, ఎప్పుడు తినడం మొదలుపెట్టారో అక్కడి వైద్యుడు అడగకముందే చెప్పాలి.